మీ సెల్‌ఫోన్ మీ జబ్బు సంగతి ఎవరికి చెబుతోంది?

డాక్టరు గారి గదిలో రోగి చెప్పుకున్న మాట ఆ గది దాటకూడదన్నది వైద్యవృత్తిలో ఎంతో పాత కట్టుబాటు. మన దేశంలో వైద్యుల నడవడికకు సంబంధించి 2002లో వచ్చిన నిబంధనలలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. పని తెలిసిన నర్సు కేసు షీటును ఎవరికీ కనపడకుండా బోర్లించి పెట్టడం మీరు చూసే ఉంటారు.

మరి అదే రోగి ఇంటికి వెళ్ళి, సెల్‌ఫోన్‌లో ఒక యాప్ తెరచి, నెలసరి తప్పిందనో, షుగరు మాత్ర వేసుకున్నాననో, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదనో నమోదు చేస్తే ఆ మాట ఎక్కడికి పోతుంది? "నా ఫోనులోనే ఉంటుంది కదా" అని చాలామంది అనుకుంటారు. కొంచెం తెలిసినవారు "ఆ యాప్ కంపెనీకి వెళుతుంది" అంటారు. చాలా యాప్‌ల విషయంలో ఈ రెండూ పూర్తి జవాబులు కావు. యాప్ కంపెనీకి వెళ్ళిన మాటే అదే క్షణంలో మరో రెండు మూడు కంపెనీలకు కూడా వెళుతూ ఉండవచ్చు. ఎవరూ దొంగతనం చేయనక్కరలేదు, పాస్‌వర్డు పగలగొట్టనక్కరలేదు. యాప్ తయారు చేసినవారే ఆ ఏర్పాటు చేసి ఉంటారు.

ఇది ఎలా జరుగుతుంది?

యాప్ తయారు చేసేవారు ప్రతిదీ తామే కట్టుకోరు. ఇల్లు కట్టేవారు తలుపులు, కిటికీలు రెడీమేడ్‌గా కొన్నట్టు, ఫేస్‌బుక్, గూగుల్ వంటి పెద్ద కంపెనీలు తయారు చేసిన ముక్కలను తెచ్చి తమ యాప్‌లో పెట్టుకుంటారు. చాలావరకు ఈ ముక్కలు ఉచితం. ఎంతమంది యాప్ తెరుస్తున్నారు, ఏ ప్రకటన చూసి చేరారు అనే లెక్కలు వీటివల్ల సులువుగా తెలుస్తాయి. అందుకు బదులుగా ఆ ముక్క, మీరు యాప్‌లో ఏమి చేసినా దానిని ఒక వరుసగా రాసి తన సొంత కంపెనీకి పంపుతుంది. ఈ వరుసను కంప్యూటరు వాళ్ళు 'ఈవెంట్' అంటారు. అందులో మీరు చేసిన పనికి ఒక పేరు, చేసిన సమయం, ఫోను రకం, ఆ ఫోనుకు ప్రకటనల కోసం ఇచ్చిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటాయి. మీ పేరు ఉండకపోవచ్చు. కానీ ఆ గుర్తింపు సంఖ్య మీ ఫోనులోని మిగతా యాప్‌లకూ అదే కాబట్టి, ఫోను ఎవరిదో పోల్చుకోవడం పెద్ద కంపెనీకి కష్టం కాదు.

ఆసుపత్రి భాషలో చెబితే ఇంకా తేలికగా అర్థమవుతుంది. ప్రతి ఆసుపత్రీ నెలాఖరున ఒక రిపోర్టు తయారు చేస్తుంది. కాన్పులు ఇన్ని, విరోచనాల కేసులు ఇన్ని, పాముకాట్లు ఇన్ని అని మొత్తాలు అందులో ఉంటాయి. దానిని ఎవరు చదివినా ఫలానా ఇంటి కోడలికి గర్భస్రావం అయిందని తెలియదు. అలా కాకుండా, ఓ.పి. రిజిస్టరులో రాసిన ప్రతి వరుసనూ సిరా ఆరకముందే జిరాక్స్ తీసి, ఎదురుగా ఉన్న దుకాణానికి పంపుతూ ఉంటే? యాప్‌లలోని ఈ ముక్కలు చేసేది రెండో పని. మొత్తాలు పంపవు. వరుస వరుసనూ, పచ్చిగా, ఎప్పటికప్పుడు పంపుతాయి.

పది కోట్ల మంది వాడిన యాప్ కథ

దీనికి అందరికంటె ప్రసిద్ధమైన ఉదాహరణ 'ఫ్లో' అనే యాప్. ఆడవారు నెలసరి తేదీలు, గర్భం కోసం ప్రయత్నం, గర్భం వారాలు గుర్తుపెట్టుకోవడానికి ప్రపంచమంతటా పది కోట్ల మందికి పైగా దీనిని వాడారు. ఆరోగ్య వివరాలు బయటివారికి ఇవ్వబోమని ఆ కంపెనీ తన నియమాలలో మాట ఇచ్చింది. అయితే 2019 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్, ఈ యాప్‌లో నమోదు చేసిన వివరాలు ఫేస్‌బుక్‌కు వెళుతున్నాయని రాసింది. మరునాడే కంపెనీ ఫేస్‌బుక్‌కు పంపడం ఆపివేసింది.

ఆ తరువాత అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.టి.సి. దీనిపై విచారణ జరిపింది. 2021 జనవరిలో బయటపెట్టిన ఆ ఫిర్యాదు చదివితే ఒక చిన్న విషయం దగ్గర మనసు ఆగిపోతుంది. యాప్‌లో ఒక స్త్రీ తన గర్భం ఎన్నో వారమో ఎంచుకోగానే బయటికి వెళ్ళిన ఈవెంట్‌కు కంపెనీ ఇంజనీర్లు పెట్టిన పేరు 'ఆర్ ప్రెగ్నెన్సీ వీక్ చోజెన్'. అంటే 'గర్భం వారం ఎంచుకుంది' అని. లోపల ఏమున్నదో తెరచి చూడనవసరం లేదు, కవరు మీది పేరే సంగతంతా చెప్పేస్తోంది! ఏ 'ఈవెంట్ 27' అనో పేరు పెట్టి ఉంటే అవతలివారికి కొంతవరకైనా అర్థమయ్యేది కాదు. చెడు ఉద్దేశంతో అలా పేరు పెట్టి ఉంటారని నేను అనుకోను. తమ లెక్కలు తమకు తేలికగా అర్థం కావాలని పెట్టుకున్న పేరు అది. కానీ అదే పేరు ఫేస్‌బుక్‌కు, గూగుల్‌కు, ఇంకా కొన్ని లెక్కల కంపెనీలకు కూడా చేరింది.

మరో సంగతి. ఆరోగ్య వివరాలు మాకు పంపవద్దని ఫేస్‌బుక్ నిబంధనలలోనూ రాసి ఉంది. పంపబోమని ఫ్లో మాట ఇచ్చింది, పంపవద్దని ఫేస్‌బుక్ రాసుకుంది, వివరాలు మాత్రం నెలల తరబడి వెళుతూనే ఉన్నాయి. కాగితం మీది మాటలను ఎంతవరకు నమ్మవచ్చో దీనినిబట్టి ఆలోచించండి. ఈ వ్యవహారం మీద స్త్రీలు వేసిన దావాలో 2025 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలోని జ్యూరీ, ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా కంపెనీ కాలిఫోర్నియా రాష్ట్రపు గోప్యతా చట్టాన్ని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. తాము తప్పు చేయలేదని మెటా వాదించింది.

ఆసుపత్రులు కూడా

యాప్ కంపెనీలు వ్యాపారం కోసం చేస్తాయి సరే, ఆసుపత్రులు అలా చేయవు కదా అని మీరు అనవచ్చు. 2022 జూన్‌లో ది మార్కప్ అనే అమెరికా వార్తాసంస్థ ఈ ప్రశ్ననే తీసుకొని పరిశీలించింది. ఆ దేశంలో పేరు మోసిన 100 ఆసుపత్రుల వెబ్‌సైట్లను చూస్తే, 33 చోట్ల మెటా వారి 'పిక్సెల్' అనే ముక్క కనిపించింది. రోగి డాక్టరు అపాయింట్‌మెంటు కోసం బటన్ నొక్కగానే ఆ సంగతి ఫేస్‌బుక్‌కు చేరుతోంది. క్లీవ్‌లాండ్‌లోని ఒక ఆసుపత్రి సైటులో డాక్టరు పేరుతో పాటు, ఆ డాక్టరును వెతకడానికి టైపు చేసిన 'గర్భస్రావం' అన్న మాట కూడా వెళ్ళింది. ఇంకొన్ని చోట్ల, పాస్‌వర్డు ఇచ్చి తెరిచే రోగుల సొంత పేజీలలోనూ ఈ ముక్క ఉన్నది.

అంతటితో ఆగలేదు. 2022 ఆగస్టులో నార్త్ కరొలైనాకు చెందిన నోవాంట్ హెల్త్ సుమారు 13 లక్షల మంది రోగులకు, అక్టోబరులో అడ్వొకేట్ అరోరా హెల్త్ 30 లక్షల మందికి, వివరాలు ఇలా బయటికి వెళ్ళి ఉండవచ్చని తెలియజేశాయి. 2024 ఏప్రిల్‌లో కైజర్ పర్మనెంటె ఇదే విషయాన్ని 1 కోటి 34 లక్షల మందికి సంబంధించి ప్రకటించింది. కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు కైజర్ పేరు కొత్త కాదు. వారి ఆరోగ్య విజ్ఞాన పేజీలలో రోగులు వెతికిన మాటలు కూడా బయటికి వెళ్ళిన వాటిలో ఉన్నాయి. ఈ ఆసుపత్రులేవీ రోగుల వివరాలను అమ్ముకోలేదు. సైటు ఎంతమంది చూస్తున్నారో, ఏ పేజీ బాగా పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఒక ముక్క తెచ్చి అతికించారు. ఆ ముక్క ఏమేమి పంపుతుందో సరిగా చూడలేదు.

మందులు, మనసు

మరో రెండు కేసులు క్లుప్తంగా. 'గుడ్‌ఆర్ఎక్స్' మందుల మీద తగ్గింపు కూపన్లు ఇచ్చే కంపెనీ. 2019 ఆగస్టులో గుండె జబ్బు, రక్తపోటు మందులు కొన్నవారి ఈమెయిళ్ళు, ఫోను నంబర్లతో జాబితాలు తయారు చేసి ఫేస్‌బుక్‌కు ఎక్కించింది. వారిని గుర్తుపట్టి వారికే ప్రకటనలు చూపించాలని ఆ పని చేసింది. 2023లో 15 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఈ జాబితా రోగి ఫోను నుండి వెళ్ళలేదు, కంపెనీ సొంత కంప్యూటరు నుండి వెళ్ళింది. రోగి తన ఫోనులో ఏ సెట్టింగ్ మార్చుకొని ఉన్నా ఆగేది కాదు.

రెండవది 'బెటర్‌హెల్ప్'. మానసిక వేదనలో ఉన్నవారికి ఫోను ద్వారా కౌన్సెలింగ్ ఏర్పాటు చేసే కంపెనీ ఇది. క్రైస్తవుల కోసమని 'ఫెయిత్‌ఫుల్ కౌన్సెలింగ్' అనే పేరుతో ఒక సేవను కూడా ఇదే కంపెనీ నడిపింది. విశ్వాసులకు విశ్వాసులే సలహా ఇస్తారని నమ్మి అక్కడ చేరినవారు ఉన్నారు. చేరేటప్పుడు ఒక ప్రశ్నావళి నింపాలి, ఇంతకుముందు కౌన్సెలింగ్ తీసుకున్నారా అని అందులో అడుగుతారు. ఈ సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి కంపెనీలతో పంచుకున్నారని ఎఫ్.టి.సి. ఆరోపించింది. 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి కంపెనీ అంగీకరించింది. ఆ డబ్బు వాడుకదారులకు తిరిగి ఇవ్వడానికి ఉద్దేశించినది. కుటుంబంలో కూడా చెప్పుకోలేని దుఃఖాన్ని ఎవరికైనా చెప్పుకోవాలని ఒక మనిషి ధైర్యం చేసి మొదటి ప్రశ్నకు జవాబు నొక్కుతాడు. ఆ జవాబే ప్రకటనల లెక్కల్లోకి పోతే, రెండోసారి అతడు నోరు విప్పుతాడా? నా దృష్టిలో జరిమానా కంటె ఈ నష్టమే పెద్దది.

"మేము ఈమెయిళ్ళను గజిబిజి చేసి పంపుతాము, ఎవరికీ అర్థం కాదు" అని కంపెనీలు చెబుతాయి. బెటర్‌హెల్ప్ కూడా అలాగే పంపింది. ఈ మాటకు మోసపోవద్దు. మీ ఈమెయిలును ఒక లెక్క ప్రకారం గజిబిజి అక్షరాలుగా మారుస్తారు. అవతలి కంపెనీ దగ్గర కోట్లమంది ఈమెయిళ్ళు ముందే ఉన్నాయి. వాటిని కూడా అదే లెక్క ప్రకారం మార్చి, రెండు జాబితాలను పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఎవరిదో తేలిపోతుంది. దారిలో ఎవరైనా దొంగిలిస్తే వారికి అర్థం కాకుండా మాత్రమే ఇది పనికివస్తుంది. చేరవలసినవారికి అది తెరచిన ఉత్తరమే.

బయటికి పంపడం అంతా తప్పేనా?

కాదు. టి.బి. అని తేలిన ప్రతి రోగి వివరాలనూ ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుండి ప్రైవేటు, మిషన్ ఆసుపత్రులతో సహా అందరి మీదా బాధ్యత ఉంది. 'నిక్షయ్' అనే ప్రభుత్వ వ్యవస్థలో ఒక్కొక్క రోగినీ పేరుతో సహా నమోదు చేస్తారు. అది కూడా వరుస వరుసగా వెళ్ళే సమాచారమే. కానీ ఎందుకు వెళుతుందో అందరికీ తెలుసు. మందులు మధ్యలో ఆపకుండా చూడడానికి, ఇంట్లో మిగతావారిని పరీక్షించడానికి, పోషకాహారం కోసం డబ్బు రోగి ఖాతాలో వేయడానికి. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఆ సాయాన్ని 2024 నవంబరు నుండి 1,000 చేశారు. అలాగే ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద ఆపరేషన్ జరిగితే కాగితాలు ట్రస్టుకు వెళతాయి. వెళ్ళకపోతే బిల్లు ఎవరు కడతారు? కనుక సిస్టర్ గారు టి.బి. ఫారం నింపేటప్పుడు దయచేసి తప్పుడు ఫోను నంబరు ఇవ్వవద్దు. ఆ వివరాలు చికిత్స కోసమే వెళుతున్నాయి.

తేడా ఎక్కడ ఉందో చూడండి. టి.బి. ఫారం మీ ముందే నింపుతారు, ఎవరికి పోతుందో అడిగితే చెబుతారు. గర్భం యాప్ నుండి ప్రకటనల కంపెనీకి పోయే వరుసను మీరు చూడలేరు, అది మీ చికిత్సకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

మన ఇళ్ళలో దీని ప్రభావం కొంచెం వేరుగా ఉంటుంది. చాలా ఇళ్ళలో ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క ఫోను ఉండదు. అత్తగారు, కోడలు, చదువుకొనే పిల్లలు ఒకే ఫోను పట్టుకుంటారు. ఇంకా ఎవరికీ చెప్పని గర్భం గురించి, మానసిక వైద్యం గురించి, సంతానం లేకపోవడం గురించి ప్రకటనలు ఆ ఫోను మీద కనిపించడం మొదలుపెడితే, వీడియో చూడడానికి ఫోను తీసుకున్న పిల్లవాడికే ముందు తెలుస్తుంది. మూడో నెల దాటేవరకు గర్భం సంగతి పైకి చెప్పకూడదనే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. అది పెద్దవాళ్ళ నమ్మకమే కావచ్చు. కానీ ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకొనే హక్కు ఆ తల్లిదే.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు అప్పటి నుండి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టంలో మనకు ఉపయోగపడేవి మూడు నాలుగు ఉన్నాయి. మీ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందుగా చెప్పి అనుమతి అడగాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలి. అంటే తెలుగులో అడిగే హక్కు మీకు ఉంటుంది. అనుమతి ఇచ్చినంత తేలికగా దానిని వెనక్కు తీసుకొనే వీలు కూడా ఉండాలి.

చట్టంలోనే ఒక చక్కని ఉదాహరణ రాశారు. ఒకామె ఫోను ద్వారా డాక్టరును సంప్రదించే యాప్ పెట్టుకుంది. వైద్యం కోసం వివరాలు, దానితో పాటు ఆమె ఫోనులోని నంబర్ల జాబితా కూడా అది అడిగింది. ఆమె రెండింటికీ సరే అన్నది. అయినా వైద్యానికి నంబర్ల జాబితాతో పని లేదు కాబట్టి, ఆమె అనుమతి వైద్యం వరకే చెల్లుతుందని చట్టం అంటుంది. తెలియక 'సరే' నొక్కేసిన సామాన్యులను దృష్టిలో పెట్టుకొని రాసిన మాట ఇది. ఒక లోటు మాత్రం చెప్పాలి. 2011 నాటి పాత నియమాలు వైద్య వివరాలను ప్రత్యేకంగా సున్నితమైనవిగా చూశాయి. కొత్త చట్టంలో అలాంటి విభాగం లేదు. రక్తపరీక్ష రిపోర్టుకూ, చీర కొన్న బిల్లుకూ ఒకే కొలత పెట్టడం సరికాదని నా అభిప్రాయం.

మీరు చేయగలిగినవి

ముందుగా, ఆ యాప్ అవసరమా అని ఆలోచించండి. నెలసరి తేదీలకు గోడ మీది క్యాలెండరు, షుగరు రీడింగులకు నోటు పుస్తకం చాలు. డాక్టరు గారికి కూడా నోటు పుస్తకమే చదవడానికి తేలిక. యాప్ పెట్టుకోవాలనుకుంటే ప్లే స్టోర్‌లో దాని పేజీలో 'డేటా సేఫ్టీ' అనే భాగం ఉంటుంది. ఏ వివరాలు బయటివారికి ఇస్తారో అక్కడ రాస్తారు. అది కంపెనీ తన గురించి తాను రాసుకున్నదని మరువకండి.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్రైవసీ, అందులో యాడ్స్ అనే చోట ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించవచ్చు. ఫోనును బట్టి దారి కొద్దిగా మారుతుంది, కాలేజీకి వెళ్ళే పిల్లలను అడిగితే నిమిషంలో చేసి పెడతారు. ఐఫోనులో యాప్ మొదట తెరిచినప్పుడు ట్రాక్ చేయవచ్చా అని అడుగుతుంది, వద్దు అనండి. ఈ పనుల వల్ల అంతా ఆగిపోదు. మీ ఫోను నంబరు, ఈమెయిలు ఇచ్చి చేరిన చోట వాటితోనే పోల్చుకోగలరు. అందుకే, తప్పనిసరి కాని చోట ఫేస్‌బుక్ ఖాతాతో లాగిన్ కావద్దు. మాత్ర గుర్తు చేసే యాప్ మీ నంబర్ల జాబితా అడిగితే ఇవ్వనక్కరలేదు.

14 అంకెల ఆభా నంబరు గురించి కూడా కౌంటరు దగ్గర చాలామంది భయపడుతున్నారు. అది వేరే సంగతి. అది తీసుకోవడం మీ ఇష్టం. ఒక ఆసుపత్రి రికార్డులు మరొకరు చూడాలంటే మీ అనుమతి అడగాలి. ఆ అనుమతి అడిగే సందేశం ఫోనుకు వచ్చినప్పుడు ఎవరు అడుగుతున్నారో, ఎన్నాళ్ళకు అడుగుతున్నారో చదివి అప్పుడు నొక్కండి. ఓ.టి.పి. మాత్రం ఫోనులో అడిగిన అపరిచితులకు చెప్పవద్దు.

ఆసుపత్రి వెబ్‌సైటు అయినా, ల్యాబు యాప్ అయినా, మనదే అయినా సరే, "నేను ఇక్కడ నొక్కినది ఇంకెవరికైనా వెళుతుందా?" అని అడగడానికి మొహమాటపడవద్దు. జవాబు వెంటనే తెలియకపోతే కనుక్కొని చెప్పమనండి. ఇక యాప్‌ను తీసివేయాలనుకున్నవారికి ఒక జాగ్రత్త. ఫోను మీది గుర్తును తీసివేసినంత మాత్రాన కంపెనీ దగ్గర ఉన్న మీ వివరాలు పోవు. ముందుగా యాప్ లోపలికి వెళ్ళి 'డిలీట్ అకౌంట్' అనే చోట ఖాతాను రద్దు చేయండి. ఆ తరువాతే యాప్‌ను ఫోనులో నుండి తొలగించండి.